తెల్లకోటుకు గౌరవం సరే, ఉతుకు మాటేమిటి?

నందికొట్కూరు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పోయొచ్చిన మనిషిని ఏ డాక్టరు చూశాడని అడిగితే, చాలాసార్లు ఒకే జవాబు వస్తుంది: "తెల్లకోటు సారు చూసినాడు, మందులు రాసిచ్చినాడు." ఆ సారు ప్రొఫెసరో, పీజీ చదివే కుర్రాడో, హౌస్ సర్జనో, రక్తం తీసిన ల్యాబ్ టెక్నీషియనో చెప్పలేరు. మళ్లీ వెళ్లినప్పుడు ఆయన్నే కలవాలంటే పేరు తెలియదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక నందికొట్కూరు నంద్యాల జిల్లాలోకి వెళ్లింది గానీ, జబ్బు ముదిరితే సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని కర్నూలే ఈ తాలూకాకు దిక్కు. అటు ఆత్మకూరు, నల్లమల అంచు పల్లెల నుంచి వచ్చేవాళ్లదీ ఇదే దారి. ఇంతమంది ప్రాణభయంతో చూసే ఆ కోటు ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు తెల్లగా ఉంది, రోగికి దానివల్ల మేలెంత, కీడెంత? ఇవన్నీ కలిపి ఒకచోట చూడాల్సిన సమయం వచ్చిందని నాకనిపిస్తుంది. ఎందుకంటే దీని మీద పాశ్చాత్య దేశాల్లో నలభై ఏళ్లుగా పరిశోధనలు, నిషేధాలు, వాదాలు నడుస్తున్నాయి. మన దగ్గర మాత్రం కోటు తొడిగే వేడుకలు పెరిగాయి గానీ దాని మీద చర్చ పెరగలేదు.

మొదట్లో డాక్టర్లు తొడిగింది నల్లకోటు. పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా యూరప్, అమెరికాల్లో వైద్యుడు రోగి ఇంటికి వెళ్లినా, ఆపరేషన్ చేసినా మోకాళ్ల దాకా దిగే నల్లటి పెద్దమనిషి కోటుతోనే. దాని మీద ఎండిన రక్తపు మరకలు ఎన్ని ఉంటే అంత అనుభవమున్న సర్జన్ అనుకునే రోజులవి. ఫిలడెల్ఫియా చిత్రకారుడు థామస్ ఈకిన్స్ గీసిన రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మార్పు కళ్లకు కడుతుంది. 1875 నాటి బొమ్మలో సర్జన్ గ్రాస్, ఆయన శిష్యులు నల్లకోట్లలోనే నిలబడి తొడ కోసి ఎముకకు శస్త్రచికిత్స చేస్తుంటారు. గ్రాస్ చేతికి తాజా నెత్తురు. పద్నాలుగేళ్ల తర్వాత 1889లో గీసిన బొమ్మలో సర్జన్ ఆగ్న్యూ, ఆయన సహాయకులు అంతా తెల్లబట్టల్లో ఉంటారు. ఊరు అదే, వృత్తి అదే, చిత్రకారుడూ అతనే. మధ్యలో మారింది సూక్ష్మజీవుల గురించిన జ్ఞానం.

ఆ జ్ఞానం ఊరికే రాలేదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలు కోసి వచ్చిన చేతులతోనే కాన్పులు చేయడం వల్ల బాలింతలు చనిపోతున్నారని గుర్తించి, క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. తోటి డాక్టర్లు అవమానంగా భావించి అతన్ని వెలివేసినంత పని చేశారు. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రం చేసే పద్ధతిని ప్రకటించాడు. పాశ్చర్, కోచ్‌ల ప్రయోగశాలలు వైద్యానికి కొత్త పునాది వేశాయి. అంతకుముందు నాటువైద్యుడికీ పట్టా ఉన్న వైద్యుడికీ జనం పెద్ద తేడా చూసేవాళ్లు కాదు. తాము ప్రయోగశాల మనుషులమని చెప్పుకోవడానికి డాక్టర్లు అక్కడి కోటును అరువు తెచ్చుకున్నారు. 1910లో అమెరికా వైద్యవిద్య మీద వచ్చిన ఫ్లెక్స్‌నర్ నివేదిక సరైన ప్రయోగశాలలు లేని కళాశాలలకు ముప్పు తెచ్చింది. ఆ తర్వాత తెల్లకోటు వైద్యశాస్త్రానికి గుర్తుగా స్థిరపడింది.

మరక పడితే వెంటనే కనబడాలని, కనబడితే మార్చుకోవాలని తెలుపును ఎంచుకున్నారు. అసలు తర్కం ఇదే. దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత నూరేళ్లలో డాక్టర్లు మరిచిపోయింది సరిగ్గా ఈ సంగతినే. పైగా శుభ్రత అన్నిటికంటే ఎక్కువ అవసరమైన ఆపరేషన్ థియేటర్లో తెలుపు నిలబడలేదు. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ హ్యారీ షెర్మన్, తెల్లబట్టల మీద పడే దీపాల కాంతికి కళ్లు చెదురుతున్నాయని ఆకుపచ్చకు మారాడు. ఇవాళ కర్నూలులోనైనా కడపలోనైనా థియేటర్లో ఆకుపచ్చ, నీలం బట్టలే. అవి ఆస్పత్రి ఇస్తుంది, ఆస్పత్రే ఉతికిస్తుంది, ఆవిరి యంత్రంలో పెట్టి సూక్ష్మజీవుల్ని చంపుతుంది. వార్డులో తిరిగే తెల్లకోటుకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఎవరి కోటు వాళ్లే కొనుక్కుంటారు, వీలైనప్పుడు ఉతుక్కుంటారు.

తెలుగువాళ్ల వైద్య చరిత్రలో ఒంటి మీది బట్ట ఒక మనిషి బతుకునే మలుపు తిప్పిన ఘట్టం ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు, విదేశీ వస్తువుల్ని వదిలేయమన్న గాంధీ మాట విని, ఖద్దరుతో కుట్టించిన సర్జికల్ గౌను తొడిగాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కిట్టలేదు. రాత పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఖద్దరును మరిగించి ఉతికితే మిల్లుగుడ్డ కంటే ఏమీ తక్కువ శుభ్రం కాదు. ఆ ప్రొఫెసర్ కోపానికీ సూక్ష్మజీవులకూ సంబంధం లేదు. ఆస్పత్రి దుస్తు అప్పటికే అధికారానికి గుర్తు అయిపోయింది, దాన్ని ఎవరు ఏ గుడ్డతో కుట్టించుకోవాలో కూడా అధికారమే నిర్ణయించేది.

ఆ తర్వాతి కథ తెలుగువాళ్లు పదే పదే చెప్పుకోవాల్సింది. డాక్టర్ లక్ష్మీపతి నడిపిన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించి, 1923లో సుబ్బారావు బోస్టన్ చేరాడు. అక్కడ వైద్యం చేసే అర్హత లేక, పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా బెడ్‌పాన్లు కడిగాడు. పగలు చదువు, ప్రయోగశాల. ఫిస్క్ అనే పరిశోధకుడితో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. కండరాల్లో శక్తినిచ్చే ఏ.టి.పి.ని వెలికితీసిన పరిశోధనలో పాలుపంచుకున్నాడు. లెడర్లీ ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఇవాళ క్యాన్సర్ వార్డుల్లో వాడే మెథోట్రెక్సేట్‌కు దారి వేసిన మందులు ఆయన బృందం చేతుల మీదుగా వచ్చాయి. కోటు చూసి డాక్టరు విలువ కట్టేవాళ్లకు నేను చెప్పే మొదటి ఉదాహరణ సుబ్బారావే.

మన రాయలసీమలో వైద్యవిద్య ఆలస్యంగా వచ్చింది. విశాఖలో 1923లోనే వైద్య కళాశాల వస్తే, కర్నూలు మెడికల్ కాలేజీ 1956లో మొదలైంది. ఆంధ్ర రాష్ట్ర రాజధాని హోదా కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన ఏడాదే అది. పోయినదాని సంగతి అటుంచితే, వచ్చిన ఆ కళాశాల, దాని పెద్దాసుపత్రి ఈ కరువు సీమను డెబ్బై ఏళ్లుగా ఆదుకుంటున్నాయి. 2023 సెప్టెంబరులో నంద్యాలలో కూడా ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అంటే ఈ చుట్టుపక్కల ప్రతి ఏడాదీ వందల మంది పిల్లలు 'యాప్రాన్' అని పిలిచే ఈ తెల్లకోటును కొత్తగా తొడుగుతున్నారు.

తొడగడమే ఇప్పుడొక వేడుక. 1993లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గోల్డ్ అనే పిల్లల నరాల వైద్యుడు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. చదువు పూర్తయ్యాక చేసే ప్రమాణం చదువు మొదట్లోనే చేయించాలని, రోగి పట్ల దయ మొదటి రోజే నేర్పాలని ఆయన కోరిక. మన దేశంలో 2019లో వచ్చిన కొత్త ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక మొదటి నెలను పునాది కోర్సుగా పెట్టాక ఈ వేడుక అంతటా పాకింది. 2022లో జాతీయ వైద్య కమిషన్ ఈ సందర్భంలో చరక శపథం చేయించమని సిఫారసు చేయడం, మదురైలో అది పెద్ద వివాదం కావడం పత్రికల్లో చూశాం. హిప్పోక్రటీసా, చరకుడా అని నెలల తరబడి వాదించుకున్నాం. ఆ కోటును ఎన్నాళ్లకోసారి ఉతకాలో ఒక్క ప్రమాణంలోనూ లేదు. సేద్యం చేసుకునే తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చుని బిడ్డ కోటు తొడగడం చూసి కళ్లు తుడుచుకునే ఆ వేడుక నాకు ఎంతో ఇష్టం. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ రోజే ఉతుకు సంగతి కూడా చెప్పాలంటాను.

ఎందుకు చెప్పాలో పరిశోధనలు చూస్తే తెలుస్తుంది. 1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక ఆస్పత్రిలోని వంద మంది డాక్టర్ల కోట్ల పరీక్షను ప్రచురించింది. ఎక్కువ క్రిములు దొరికింది ముంజేతి అంచుల్లో, జేబుల్లో. 2009లో అమెరికాలోని మేరీలాండ్‌లో 149 కోట్లను పరీక్షిస్తే 34 కోట్ల మీద చీముపుళ్లకు, శస్త్రచికిత్స గాయాలు కుళ్లడానికి కారణమయ్యే స్టాఫిలోకాకస్ ఆరియస్ కనిపించింది. వాటిలో ఆరింటి మీద ఉన్నది మామూలు మందులకు లొంగని రకం. 2000లో వచ్చిన ఇంకో పరిశోధన ఆస్పత్రి గుడ్డల మీద ఈ క్రిములు ఎన్నాళ్లు బతుకుతాయో చూసింది. ఒక రోజుకు తక్కువ కాకుండా, కొన్నిసార్లు 90 రోజులు దాటి కూడా బతికాయి. నూలు కంటే పాలిస్టర్ వాటికి అనుకూలం. మన దుకాణాల్లో చవకగా దొరికే కోట్లు ఎక్కువగా ఆ పాలిస్టర్ కలిసినవే కావడం ఇక్కడ గమనించాలి.

ఒక హౌస్ సర్జన్ కుడిచేతి కోటు అంచును దగ్గర్నుంచి చూడండి. డ్యూటీ మొదట్లో తెల్లగానే ఉంటుంది. పక్క మీద వంగి కడుపు నొక్కి చూసినప్పుడు ఆ అంచు రోగి చర్మానికి తగులుతుంది. దుప్పటికి రాసుకుంటుంది. కట్టు విప్పేటప్పుడు దూదికి తగులుతుంది. కేసు షీటు రాసేటప్పుడు బల్ల మీది దుమ్మును తుడుస్తుంది. మధ్యలో చేతులు కడుక్కున్నా అంచును ఎవరూ కడగరు, పైగా తడిచేతులు దానికే తగులుతాయి. జేబులో స్టెతస్కోపు, పెన్ను, సెల్‌ఫోను, టార్చి, మడిచిన కాగితాలు. సాయంత్రానికి ఆ అంచు మీద సిరా గీత, అయొడిన్ పసుపు, చెమటతో వచ్చిన బూడిద రంగు గీర కలిసి ఉంటాయి. అదే కోటుతో క్యాంటీన్లో టీ, అదే కోటుతో బండి మీద హాస్టలుకు. ఇందులో ఆ పిల్లల తప్పు కొంతే. ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసినవాడికి ఉతుక్కునే తీరిక ఎక్కడుంటుంది? ఉన్నది ఒకటో రెండో కోట్లు.

బ్రిటన్ 2007 సెప్టెంబరులో గట్టి నిర్ణయం తీసుకుంది. రోగిని ముట్టేవాళ్లకు మోచేతి కింద బట్ట, గడియారం, నగ ఏదీ ఉండకూడదని చెప్పి, 2008 నుంచి పొడుగుచేతుల తెల్లకోటును ఆస్పత్రుల నుంచి దాదాపు సాగనంపింది. అప్పుడే విమర్శ కూడా వచ్చింది. కోటు మీద క్రిములున్నాయనడం వేరు, ఆ కోటు వల్లే రోగికి జబ్బు సోకిందనడం వేరు. రెండోదానికి తిరుగులేని రుజువు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. 2011లో డెన్వర్ ఆస్పత్రిలో చేసిన పరీక్ష ఈ వాదాన్ని ఇంకా చిక్కుల్లో పెట్టింది. వంద మంది డాక్టర్లలో కొందరికి అప్పుడే ఉతికిన పొట్టిచేతుల దుస్తులిచ్చి, మిగతావాళ్లను తమ పాత కోట్లే తొడగమన్నారు. ఎనిమిది గంటలు గడిచేసరికి రెండు గుంపుల బట్టల మీదా క్రిముల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉతికిన బట్ట మూడు గంటల్లోనే ఆ లెక్కలో దాదాపు సగానికి చేరింది.

దీన్ని పట్టుకుని ఉతికినా ఉతకకపోయినా ఒకటే అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మూడు గంటల్లో మురికయ్యే బట్టను మూడు వారాలు తొడగమని ఏ పరిశోధనా చెప్పలేదు. డెన్వర్ లెక్క చెప్పే పాఠం ఇంకొకటి: బట్ట ఎంత తాజాదైనా చేతులు కడగడానికి అది బదులు కాదు. అమెరికాలో అంటువ్యాధుల నివారణ నిపుణుల సంఘం 2014లో ఇచ్చిన సలహా నాకు అన్నిటికంటే సమంజసంగా తోచింది. ప్రతివారికీ రెండు మూడు కోట్లుండాలి, వారానికి ఒక్కసారైనా, మరక పడితే వెంటనే ఉతకాలి, రోగిని ముట్టే ముందు కోటు విప్పి తగిలించడానికి కొక్కేలు పెట్టాలి, వీలైతే ఆస్పత్రే ఉతికించాలి. మన దేశంలో 2015లో మంగళూరుకు చెందిన డాక్టర్ ఎడ్మండ్ ఫెర్నాండెజ్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో అడుగు ముందుకేసి, భారతదేశపు డాక్టర్లు, విద్యార్థులు తెల్లకోటును పూర్తిగా మానేయాలని రాశారు. వేడి దేశంలో అది అనవసరమైన మోత అన్న మాట కూడా ఉంది.

ఆ మాటతో సీమవాళ్లెవరూ విభేదించరు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నందికొట్కూరులలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్యాను కింద నూటికి పైగా ఓపీ చూసే డాక్టరు పొడుగుచేతుల పాలిస్టర్ కోటులో చెమటకు నానిపోతాడు. ఉతకడానికి నీళ్లూ సమస్యే. కె.సి. కాలువ పక్కనున్న ఊరైనా, బోరునీళ్లతో ఉతికితే తెల్లబట్ట నాలుగు ఉతుకులకు పసుపు తిరుగుతుంది, నీలిమందు ఎంత పెట్టినా పాత తెలుపు రాదు. అయితే ఇదే సీమకు ఎండ అనే వరం ఉంది. వేడినీళ్లలో నానబెట్టి, బ్లీచింగు వేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసిన నూలుకోటు ఎలాంటి ఖరీదైన యంత్రమూ లేకుండానే చాలామటుకు శుభ్రమవుతుంది.

కోటు వల్ల రోగికి తగిలే దెబ్బ ఇంకొకటి ఉంది, అది క్రిములది కాదు. రక్తపోటు కొలిచే పట్టీని 1896లో తెచ్చిన ఇటలీ వైద్యుడు రివా-రోచి అప్పుడే ఒక సంగతి గమనించాడు: కొలిచే మనిషిని చూస్తేనే రోగి బీపీ పెరుగుతోంది. 1983లో అదే దేశానికి చెందిన మాంచియా బృందం దాన్ని కొలిచి చూపింది. డాక్టరు పక్కకు రాగానే పై అంకె సగటున 27 దాకా, కింది అంకె 15 దాకా పెరిగింది. నర్సు కొలిచినప్పుడు ఈ పెరుగుదల దాదాపు సగమే. 1988లో న్యూయార్క్‌లో పికరింగ్ అనే డాక్టరు చూసిన 292 మందిలో 21 శాతానికి ఆస్పత్రి బయట బీపీ మామూలుగానే ఉంది, ఆస్పత్రిలోనే ఎక్కువ. దీనికి తెల్లకోటు రక్తపోటు అనే పేరు నిలిచిపోయింది. పొద్దున్నే మొదటి బస్సెక్కి, చీటీ వరసలో గంటలు నిలబడి, మండుటెండలో వచ్చిన రైతుకూలీ చేతికి పట్టీ కట్టగానే వచ్చే అంకెను పట్టుకుని జీవితాంతం మాత్రలు రాసేయడం తొందరపాటు. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడాలి, ఇంకో రోజు చూడాలి, వీలైతే ఊళ్లో ఏఎన్‌ఎం చేత, ఇంట్లో యంత్రంతో చూపించాలి. ఇంటి దగ్గర సగటు 135/85 దాటితే అప్పుడు అనుమానించాలి. అలాగని ఆస్పత్రిలో బీపీ ఎక్కువ వచ్చినవాళ్లు కోటును చూసి వచ్చిందిలే అని వదిలేయకూడదు. వీళ్లలో కొందరికి కొన్నేళ్లలో నిజమైన రక్తపోటే వస్తుంది.

మరి ఇంత కీడుంటే కోటును తీసేస్తే పోలేదా? పిల్లల డాక్టర్లు, మానసిక వైద్యులు చాలామంది ఎప్పుడో తీసేశారు. అమెరికాలో పేరుగాంచిన మేయో క్లినిక్‌లో డాక్టర్లు మామూలు సూట్లలోనే రోగుల్ని చూసే సంప్రదాయం ఉంది. మన పల్లెల్లో ఆరెంపీ మామూలు చొక్కాతో, బండికి తగిలించిన సంచితో వచ్చి సూది వేసి పోతాడు. ఆయన దగ్గర జనానికి ఉన్న చనువులో ఆ చొక్కాకూ భాగముంది. కానీ రోగుల్ని అడిగితే వేరే మాట వినిపిస్తుంది. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో అమెరికాలోని పది బోధనాసుపత్రుల్లో 4,062 మందిని అడిగితే, సగానికి పైగా డాక్టరు దుస్తులు తమకు ముఖ్యమన్నారు. హుందా అయిన బట్టల మీద తెల్లకోటుకే ఎక్కువమంది ఓటేశారు.

మన దగ్గర ఇంకా గట్టి కారణం ఉంది. ఆడడాక్టరును చీరలోనో చుడీదార్‌లోనో చూస్తే నర్సమ్మా అని, సిస్టరని పిలవడం ఇప్పటికీ పోలేదు. నర్సు పని తక్కువేమీ కాదు, కానీ పొరపాటు మాత్రం ఎప్పుడూ ఒకే వైపు జరుగుతుంది. మగపిల్లాడు హౌస్ సర్జన్ అయినా మొదటి రోజే డాక్టర్ సారు. కోటు ఆమెకు ఆ కాస్త రక్షణ. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి. కర్ ఆస్పత్రిలో డాక్టరు మీద అత్యాచారం, హత్య జరిగాక దేశమంతా జూనియర్ డాక్టర్లు రోడ్ల మీదికొచ్చినప్పుడు అందరి ఒంటి మీదా తెల్లకోట్లే. ఎక్కడ నిలబడ్డా మేమెవరమో చెప్పే దుస్తు అది. అలాంటిదాన్ని ఒక్క జీవోతో తీసేయమనడం న్యాయంగా ఉండదు.

నా నిర్ణయం ఇది. కోటు ఉండాలి, ఇప్పుడున్నట్టు కాదు. మోచేతి పైకి పొట్టిచేతులుండాలి. పాలిస్టర్ కాకుండా నూలుదై ఉండాలి, మన నేతగాళ్ల ఖద్దరైతే సుబ్బారావుకు ఆలస్యంగానైనా న్యాయం చేసినట్టవుతుంది. ప్రతి హౌస్ సర్జనుకూ కనీసం మూడు ఇచ్చి, థియేటర్ బట్టలతో పాటు వాటినీ ఆస్పత్రే ఉతికించాలి. క్యాంటీన్ బయట, వార్డు గుమ్మం దగ్గర కొక్కేలు పెట్టాలి. ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, విద్యార్థి, డాక్టరు నలుగురికీ ఒకే తెలుపు కాకుండా మెడపట్టీకో చేతి అంచుకో వేరు వేరు రంగులుండాలి. అన్నిటికంటే ముందు, గుండె మీద పేరు, హోదా తెలుగులో పెద్ద అక్షరాలతో కుట్టించాలి. ఇప్పుడు మెడలో వేలాడే కార్డు మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలు నందికొట్కూరు నుంచి వచ్చిన ముసలామెకు పనికిరావు.

నంద్యాల, కర్నూలు కళాశాలల్లో ఈ ఏడాది కోటు తొడగబోయే పిల్లలకు, వాళ్ల ప్రిన్సిపాళ్లకు, సూపరింటెండెంట్లకు నా విన్నపం ఇదే: వేడుక రోజు ప్రమాణ పత్రంతో పాటు ఉతికే వారం చార్టు కూడా చేతికివ్వండి, కోటు మీద పేరు తెలుగులో కుట్టించండి.